పారేసిన చేపకు వచ్చిన విలువ: ట్రిగ్గర్ చేప వేట చరిత్ర

రేవులో దిగే ప్రతి చేపకూ ఒక అంతస్తు ఉంటుంది. వంజరానికీ చందువాకూ పాటలో మొదటి స్థానం దక్కుతుంది, కవళ్ళూ గులివిందలూ సామాన్యుల గంపల్లోకి చేరతాయి, ఏ పేరూ లేని చేపలన్నీ ఒక కుప్పగా పోగుపడి కోళ్ళ దాణాకో, ఎరువుకో తరలిపోతాయి. ఈ అంతస్తు చేప రుచిని బట్టి స్థిరపడిందని పైకి తోచినా, మత్స్యపరిశ్రమ చరిత్రను కాస్త పరిశీలించినవారికి అది ఎక్కువగా మరో చేప కొరతను బట్టి మారుతూ వచ్చిందని తెలుస్తుంది. ఈ మాటకు ట్రిగ్గర్ చేప చరిత్ర కంటే స్పష్టమైన నిదర్శనం దొరకడం కష్టం. అట్లాంటిక్ సముద్రపు రెండు తీరాల్లోనూ దొరికే బూడిద రంగు ట్రిగ్గర్ చేపను అమెరికా దక్షిణ తీరపు జాలర్లు తరతరాలుగా తిరిగి నీళ్ళలోకి విసిరేశారు. పశ్చిమ ఆఫ్రికా జాలర్లకు అది ఒకప్పుడు ఎప్పుడో కంటబడే చేప మాత్రమే. ఇరవయ్యో శతాబ్దపు చివరి మూడు దశాబ్దాల్లో ఆ రెండు తీరాల్లోనూ అదే చేప, ఒకచోట చట్టాల కారణంగా, మరొకచోట సముద్రంలో వచ్చిన మార్పుల కారణంగా, ప్రధానమైన పంటగా మారింది.

ట్రిగ్గర్ చేపలు బాలిస్టిడే అనే కుటుంబానికి చెందినవి. ప్రపంచవ్యాప్తంగా వీటిలో నలభై దాకా జాతులున్నాయి. పక్కల నుంచి నొక్కినట్టు బల్లపరుపుగా, ఎత్తుగా ఉండే శరీరం, చిన్న నోరు, తలపై బాగా వెనక్కి, పైకి అమరిన కళ్ళు ఈ కుటుంబపు ముఖ్య లక్షణాలు. వెన్నుమీది మొదటి వాజంలో మూడు ముళ్ళుంటాయి. మొదటిది పొడవుగా, లావుగా ఉండి నిటారుగా లేస్తుంది. లేచిన వెంటనే దాని వెనకనున్న రెండో ముల్లు మొదటిదాని మొదట్లో గడియలా బిగుసుకుంటుంది. ఆ స్థితిలో మొదటి ముల్లును ఎంత బలంగా నొక్కినా అది వంగదు, రెండో ముల్లును వేలితో కిందికి నొక్కితే మాత్రం వెంటనే ముడుచుకుంటుంది. తుపాకీ మీటను పోలిన ఈ అమరిక వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. శత్రువు తరిమినప్పుడు చేప రాతి సందులోకి దూరి, ముల్లు లేపి, కడుపు కింది ఎముకను కూడా బిగించి కూర్చుంటే దాన్ని బయటికి లాగడం పెద్ద చేపలకు సైతం సాధ్యం కాదు.

దీని పళ్ళు ఉలుల వంటివి. దవడకు బయటి వరసలో ఎనిమిదేసి ఉంటాయి. పీతలు, ఆల్చిప్పలు, రాళ్ళకు అతుక్కుపోయే గుల్ల జీవులైన బార్నకిల్స్, ఒళ్ళంతా ముళ్ళుండే సముద్రపు ఉర్చిన్లు దీని ఆహారం. ఉర్చిన్‌ను పట్టాలంటే దాన్ని తలకిందులు చేయాలి; ట్రిగ్గర్ చేప నోటితో నీటిధారను ఊది, ఇసుకను కదిలించి, ఉర్చిన్ తిరగబడగానే ముళ్ళు తక్కువగా ఉండే అడుగుభాగాన్ని కొరుకుతుంది. కళ్ళు నోటికి అంత దూరంగా ఉండటం ఈ సందర్భంలో ఎంతో అక్కరకు వస్తుంది. ఇక చర్మం విషయానికి వస్తే, గట్టి పొలుసులు ఒకదానికొకటి అతుక్కుని, ఒరిపిడి కాగితంలా గరుకుగా, తోలులా మందంగా ఉండే కవచం అది. ఈ పళ్ళూ ఈ చర్మమూ, రెండూ కలిసి, వందేళ్ళకు పైగా ఆ చేపను మనిషి వంటింటికి దూరంగా ఉంచాయి.

జీవశాస్త్రజ్ఞులు దీని సంతానోత్పత్తిని గమనించిన తీరు కూడా ఇక్కడ చెప్పుకోదగ్గది, ఎందుకంటే తర్వాతి కాలపు చట్టాలు దానిపైనే ఆధారపడ్డాయి. మెక్సికో సింధుశాఖలో వేసవి మొదట్లో, ముఖ్యంగా జూన్, జూలై నెలల్లో, మగ చేప ముదురు బూడిద రంగుకు తిరిగి, రాతిదిబ్బల పక్కనున్న ఇసుకలో కొంత ప్రాంతాన్ని తన అధీనంలోకి తెచ్చుకుని, అక్కడ గుంతలు చేసి గూళ్ళు కడుతుంది. ఆడ చేపలు ఒక్కొక్క గుంతలో గుడ్లు పెట్టి, పొదిగే ఒకటి రెండు రోజులూ అక్కడే ఉండి, నోటితో నీళ్ళు ఊదుతూ, వాజాలతో విసురుతూ గుడ్లకు గాలి అందేలా చూస్తాయి. మగది చుట్టూ తిరుగుతూ గుడ్లు తినడానికి వచ్చే చేపలను తరుముతుంది. గుడ్లను నీటిలోకి వదిలేసి వెళ్ళిపోయే సముద్రపు చేపల మధ్య ఇంత శ్రద్ధ అరుదు. పిల్లలు పుట్టగానే నీటి పైభాగానికి చేరి, సర్గాసం అనే తేలియాడే సముద్రపు నాచు గుబుర్లలో కొన్ని నెలలు గడిపి, తర్వాత అడుగున ఉన్న రాతిదిబ్బలకు దిగుతాయి. అంటే ఒక ఏడాది సర్గాసం ఎంత పెరిగింది, గాలులు దాన్ని ఎటు తోశాయి అన్నదాన్ని బట్టి మరో రెండేళ్ళకు గాలానికి పడే చేపల సంఖ్య మారుతుంది.

మెక్సికో సింధుశాఖ ఉత్తర తీరంలో, ఫ్లోరిడా రాష్ట్రపు పశ్చిమ కొసన ఉన్న పెన్సకోలా రేవు 1870ల నుంచి ఎర్ర స్నాపర్ అనే చేపకు పేరు పొందింది. రైలు మార్గాలూ ఐసూ అందుబాటులోకి రావడంతో, తెరచాప ఓడల్లో వెళ్ళిన జాలర్లు గాలాలతో పట్టిన స్నాపర్ చేపలు ఐసు పెట్టెల్లో దూర నగరాలకు చేరాయి. వారెన్ సంస్థ, సాండర్స్ సంస్థ వంటి వర్తక సంస్థలు ఈ వ్యాపారంతోనే ఎదిగాయి. ఆ రేవు వర్తకుల్లో ఒకడైన సైలస్ స్టర్న్స్ అనే యువకుడు సింధుశాఖ చేపల నమూనాలను సేకరించి వాషింగ్టన్ పంపడమే గాక, 1880లలో అమెరికా మత్స్య కమిషన్ ప్రచురించిన బృహత్ గ్రంథానికి ఆ తీరపు వేటను గురించి వివరమైన నివేదిక రాశాడు. ఆ కాలపు చేపల వ్యాపారం ఎంత పెద్దదైనా ఒకటి రెండు జాతులపైనే నిలబడింది. ఐసుకూ, రైలు రవాణాకూ అయ్యే ఖర్చు స్నాపర్‌కు గిట్టుబాటయ్యేది, గ్రూపర్‌కు అంతంతమాత్రంగా గిట్టేది, మిగిలిన చేపలకు గిట్టేది కాదు.

ట్రిగ్గర్ చేప ఆ మిగిలినవాటిలో ఒకటి. పైగా అది జాలరికి స్వయంగా నష్టం చేసేది. స్నాపర్ తిరిగే రాతిదిబ్బల మీదనే అదీ తిరుగుతుంది. పెద్ద గాలానికి గుచ్చిన ఎరను దాని చిన్న నోరు అంచుల నుంచి కొంచెం కొంచెంగా కొరుకుతుంది గాని గాలాన్ని మింగదు. నూటయాభై, రెండువందల అడుగుల లోతు నుంచి తాడు పైకి లాగితే ఎర లేని గాలం చేతికొస్తుంది. ఒకవేళ చేప తగులుకుని పైకి వచ్చినా, కత్తి దిగని తోలు, చేతిని కొరికే పళ్ళు, గాయం చేసే ముల్లు. ఇంతకష్టపడి కోసినా రేవులో కొనేవాడు లేడు. అందుకే అమెరికా జాలర్ల లెక్కలో అది చెత్తచేపగా మిగిలిపోయింది. కరీబియన్ దీవుల్లో మాత్రం పరిస్థితి వేరు. బహామాస్ వంటి చోట్ల రాణి ట్రిగ్గర్ అనే పెద్ద జాతిని ముందునుంచీ ఇష్టంగా తిన్నారు. పెద్ద ఓడలూ పెద్ద బజార్లూ లేని ఆ దీవుల్లో, ఇంటి ముందున్న రాతిదిబ్బ మీద దొరికిన చేపను వదులుకునే విలాసం ఎవరికీ లేకపోవడమే అందుకు కారణమై ఉండాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉత్తర సింధుశాఖ తీరంలో వేట స్వరూపం మారింది. అద్దె బోట్లలో సముద్రంలోకి వెళ్ళి సరదాకు చేపలు పట్టే యాత్రికుల సంఖ్య పెరిగింది. అలబామా రాష్ట్ర తీరంలో సముద్రపు అడుగు చాలావరకు చదునైన ఇసుక, రాతిదిబ్బలు తక్కువ. 1953లో ఆరెంజ్ బీచ్ బోటు యజమానుల కోరికపై 250 పాత కార్ల డొక్కులను సముద్రంలో ముంచడంతో అక్కడ కృత్రిమ దిబ్బల నిర్మాణం మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో యుద్ధకాలపు సరుకు ఓడలు, కాంక్రీటు గొట్టాలు, పాత వంతెనల ముక్కలు ఆ వరసలో చేరాయి. ఈ దిబ్బలు స్నాపర్ కోసం ఉద్దేశించినవే గాని, గట్టి వస్తువు కనబడితే దాని చుట్టూ చేరే ట్రిగ్గర్ చేపకూ అవి మంచి ఆవాసాలయ్యాయి. మనిషి తనకు కావలసిన చేప కోసం కట్టిన ఇంట్లో తనకు అక్కరలేని చేప కూడా వృద్ధి చెందిందన్నమాట.

ఆ అక్కరలేనితనం ఎంతోకాలం నిలవలేదు. శతాబ్దకాలం పాటు విచ్చలవిడిగా పట్టడంతో స్నాపర్ నిల్వలు తగ్గిపోయాయి. 1984లో అమెరికా కేంద్ర ప్రభుత్వం సింధుశాఖలోని దిబ్బ చేపల నిర్వహణకు ఒక ప్రణాళికను అమలులోకి తెచ్చి, స్నాపర్‌కు కనీస పొడవు నిర్ణయించింది. 1990లో సరదా వేటగాడు రోజుకు ఏడు స్నాపర్లకు మించి పట్టరాదని, వాణిజ్య జాలర్లంతా కలిసి పట్టగలిగే బరువు ఇంతేనని పరిమితులు వచ్చాయి. దాంతో వాణిజ్య జాలర్లు కోటా పూర్తికాక ముందే తమ వాటా పట్టుకోవాలని పోటీపడగా, 1992లో ఏడాది కోటా రెండు నెలలు తిరక్కముందే అయిపోయింది. మిగిలిన పది నెలలూ బోటూ, మనుషులూ, అప్పూ అలాగే ఉంటాయి. సముద్రంలో పట్టదగ్గ చేప ఏదో ఒకటి ఉండి తీరాలి. డబ్బిచ్చి బోటు ఎక్కిన యాత్రికుడికి కూడా సంచిలో ఏదో ఒకటి చేరాలి. అదిగో అప్పుడు ట్రిగ్గర్ చేప మీద కళ్ళు పడ్డాయి. 1990 ప్రాంతంలో సింధుశాఖలో దాని పట్టుబడి శిఖరానికి చేరింది, ఆ తర్వాత క్రమంగా దిగజారింది. స్నాపర్‌ను కాపాడటానికి చేసిన చట్టం, చట్టమే లేని పక్క చేప మీదికి గాలాన్ని మళ్ళించిందని చెప్పక తప్పదు. ఒక్కొక్క జాతిని విడివిడిగా చూసే నిర్వహణ పద్ధతిలో ఉన్న లోపం ఇదే.

చేపకు విలువ వచ్చాక దాన్ని పట్టే నేర్పూ కోసే నేర్పూ కూడా వృద్ధి చెందాయి. పెద్ద గాలాల స్థానంలో చిన్నవీ, కానీ కమ్మీ లావుగా ఉండేవీ వచ్చాయి; సన్నని గాలాన్ని ఆ పళ్ళు కొరికి విరిచేస్తాయి. ఎరగా గట్టిగా సాగే స్క్విడ్ ముక్కను, నోట్లో పట్టేంత చిన్నదిగా కోసి, గాలానికి వేలాడే భాగం లేకుండా గుచ్చుతారు. చేప తగిలినప్పుడు తాడు ఒక్కసారిగా లాగినట్టు ఉండదు, సన్నగా తట్టినట్టు తెలుస్తుంది. ఆ తట్టుడు తెలియగానే నిదానంగా బిగించి చుట్టాలి. పైకి వచ్చాక దాని బలం అర్థమవుతుంది, ఎందుకంటే ఆ వెడల్పాటి శరీరాన్ని నీటికి అడ్డంగా తిప్పి ప్రతి అడుగుకూ ఎదురుతిరుగుతుంది. ఈ జాతిలో గాలానికి పడిన అతిపెద్ద చేపగా నమోదైనది 1989లో దక్షిణ కరోలినా తీరంలోని మరెల్స్ ఇన్లెట్ దగ్గర దొరికింది. దాని బరువు ఆరు కిలోల పైచిలుకు. మామూలుగా పట్టుబడేవి ఒకటి రెండు కిలోలు.

కోయడంలోని మెళకువ అంతా చర్మం దగ్గరే ఉంది. పొలుసు గీయడానికి వీలు లేదు, పైనుంచి కత్తి పెట్టి నొక్కితే పదును పోవడమే గాని గాటు పడదు. అందుకని అనుభవజ్ఞులు సన్నని కత్తిమొనను ఒక్కచోట లోపలికి దించి, అంచును బయటివైపుకు తిప్పి, చర్మాన్ని లోపలి నుంచి బయటికి కోసుకుంటూ పోతారు. తల వెనక నుంచి వెన్ను వెంబడి, మళ్ళీ కడుపు వైపు గాటు పూర్తయ్యాక, ఎముకల మీదుగా కత్తిని జార్చి కండను పలకగా ఎత్తి, చివరికి ఆ పలక కింద చర్మాన్ని వదిలేస్తారు. పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి నెత్తురు కారనిచ్చి ఐసులో పెట్టకపోతే కండ మెత్తబడుతుంది. ఇంతా చేస్తే చేప బరువులో మూడో వంతు దగ్గర మాత్రమే కండగా మిగులుతుంది. కానీ ఆ కండ తెల్లగా, గట్టిగా, పీతమాంసాన్ని తలపించే తీపితో ఉంటుంది. పీతలూ ఆల్చిప్పలూ తిని పెరిగినందువల్లనే ఆ రుచి వచ్చిందని జాలర్ల నమ్మకం. మొక్కజొన్న పిండి అద్ది వేయించడం సింధుశాఖ తీరపు పద్ధతి. నిమ్మరసంలో నానబెట్టి పచ్చిగా తినడం, పొగబెట్టడం కూడా ఉన్నాయి. ఒకప్పుడు విసిరేసిన చేప తీరపు ఫలహారశాలల పట్టికల్లో స్నాపర్ పక్కన చేరింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఉష్ణమండల పగడపు దిబ్బల దగ్గర పెరిగే పెద్ద ట్రిగ్గర్ జాతుల్లో కొన్నింటిని తినడం వల్ల సిగ్వటేరా అనే విషబాధ కలగవచ్చు. దిబ్బల మీది నాచులో పెరిగే సూక్ష్మజీవులు తయారుచేసే విషం చిన్న జీవుల ద్వారా పెద్ద చేపల్లో పోగుపడటం దీనికి కారణం. ఎంత ఉడికించినా ఆ విషం విరగదు, రుచిలోనూ వాసనలోనూ తెలియదు. ఏ జాతి, ఏ చోటిది, ఎంత పెద్దది అన్నది తెలిసిన స్థానిక జాలరి మాటే ఈ విషయంలో మొదటి రక్షణ.

చట్టం ట్రిగ్గర్ చేపను ఆలస్యంగా పట్టించుకుంది. 1999లో మొదటిసారి పన్నెండు అంగుళాల కనీస పొడవు నిర్ణయించారు. 2006 నాటి నిల్వల అంచనాలో మితిమీరిన వేట జరుగుతోందని తేలడంతో, 2008లో తోక చీలిక దాకా కొలిచే పొడవును పద్నాలుగు అంగుళాలకు పెంచి, మొత్తం పరిమితిలో 79 శాతం సరదా వేటకు, 21 శాతం వాణిజ్య జాలర్లకు కేటాయించారు. 2013 నుంచి గూళ్ళు కట్టే కాలమైన జూన్, జూలై నెలల్లో వేట నిషేధించారు. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు అమలయ్యే 61 రోజుల నిషేధం ఎరిగిన పాఠకులకు ఈ ఆలోచన కొత్తది కాదు, కాకపోతే ఇక్కడి నిషేధం అన్ని చేపలకూ వర్తిస్తే అక్కడిది ఒక్క జాతికే. వాణిజ్య బోటు ఒక ప్రయాణంలో పన్నెండు చేపలకు మించి తేకూడదన్నారు. ఇంత చేసినా 2016లో సరదా వేట పరిమితిని దాటిపోయినందున 2017 సంవత్సరమంతా యాత్రికులకు ఆ చేపను పూర్తిగా నిషేధించారు. మరుసటి ఏడాది మనిషికి రోజుకు ఒక్క చేప, కనీసం పదిహేను అంగుళాలు అన్న నియమంతో మళ్ళీ తెరిచారు. 1980ల వరకు ఎవరూ లెక్కపెట్టని చేపను ముప్పై ఏళ్ళు తిరిగేసరికి ఒక్కొక్కటిగా లెక్కపెట్టవలసి వచ్చింది.

అట్లాంటిక్ అవతలి ఒడ్డున ఇదే చేప చరిత్ర మరింత విచిత్రంగా నడిచింది. ఘనా, ఐవరీ కోస్ట్ దేశాల తీరంలో జూలై నుంచి సెప్టెంబరు వరకు అడుగునున్న చల్లని నీరు పోషకాలతో పైకి ఉబికి వస్తుంది. ఆ కాలంలో కవళ్ళ జాతికి చెందిన సార్డినెల్లా చేపలు గుంపులుగా ఒడ్డుకు దగ్గరవుతాయి. ఒంటి మాను తొలిచి చేసిన పడవల్లో వెళ్ళే ఫాంటే, గా, ఎవే జాలర్లకు ఏడాది జీవనమంతా ఆ మూడు నెలల మీదే ఆధారపడి ఉండేది. 1972లో సార్డినెల్లా అంతకు ముందెన్నడూ లేనంతగా పడింది. ఆ వెంటనే నిల్వ కుప్పకూలింది, ఏళ్ళ తరబడి కోలుకోలేదు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, అంతవరకు అరుదుగా కనబడే బూడిద ట్రిగ్గర్ చేప వలల్లో పెరగసాగింది. 1970ల చివరికి అది పడమరగా విస్తరించి సియెర్రా లియోన్, గినీ తీరాలకు చేరింది. నార్వే దేశపు ఫ్రిత్యాఫ్ నాన్సెన్ పరిశోధన నౌక, శబ్దతరంగాలను నీటిలోకి పంపి వాటి ప్రతిధ్వనిని బట్టి చేపల పరిమాణాన్ని కొలిచే పద్ధతితో, 1980ల మొదట్లో ఆ తీరమంతా పరిశీలించినప్పుడు ట్రిగ్గర్ చేప నిల్వ లక్షల టన్నుల్లో ఉన్నట్టు తేలింది. దిబ్బల పక్కన ఒంటరిగా తిరిగే చేపగా పుస్తకాల్లో రాసి ఉన్నది ఇక్కడ నీటి మధ్యపొరల్లో దట్టమైన గుంపులుగా ఈదింది.

ఇంత పెద్ద మార్పుకు కారణం ఏమిటన్న చర్చ శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం సాగింది. సార్డినెల్లాను అతిగా పట్టడంతో ఖాళీ అయిన చోటును ట్రిగ్గర్ ఆక్రమించిందని కొందరు, సముద్రపు ఉష్ణోగ్రతలోనూ లవణీయతలోనూ ఆ దశాబ్దంలో వచ్చిన మార్పులు దానికి అనుకూలించాయని కొందరు, 1965లో వోల్టా నదిపై పూర్తయిన అకొసొంబో ఆనకట్ట వల్ల సముద్రంలో కలిసే మంచినీటి తీరు మారిందని మరికొందరు వాదించారు. వీటిలో ఏ ఒక్కటీ మొత్తం తీరానికి సరిపోదు. ఆనకట్ట ప్రభావం గినీ దాకా చేరిందనడం కష్టం. ఒక్క అతివేటే కారణమైతే సార్డినెల్లా ఎక్కువగా లేని తీరాల్లో ట్రిగ్గర్ ఎందుకు విజృంభించిందో వివరించాలి. నీటిలో వచ్చిన మార్పూ వేట ఒత్తిడీ ఒకేకాలంలో కలిసి రావడమే సమంజసమైన వివరణగా కనిపిస్తుంది.

ఆ చేపను జనం తినే చేపగా మార్చిన ఘనత మాత్రం ఒడ్డునున్న స్త్రీలది. ఘనాలో పడవ దిగిన చేప అంతా ముందు వారి చేతుల్లోకే వెళుతుంది. ధర కుదర్చడం, పడవ యజమానికి పెట్టుబడి ఇవ్వడం, పొగబెట్టడం, లోపలి ఊళ్ళ సంతలకు చేర్చడం అన్నీ వారి వ్యవహారాలే. రేవుకు ఒక పెద్దమ్మ ఉంటుంది, ఆమె ధర మీద తగవులు తీరుస్తుంది. ఐసు లేని చోట చేపను నిలవచేసే మార్గం పొగ. పాత కాలపు గుండ్రని మట్టి పొయ్యి మీద ఒక్క వరస చేపలే పట్టేవి, కట్టెలు ఎక్కువగా కాలేవి, చేపలను మాటిమాటికీ తిప్పే మనిషి పొగలోనే నిలబడవలసి వచ్చేది. 1969లో ఆక్రా నగరం పక్కనున్న చోర్కోర్ అనే జాలరి పేటలో, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థా ఘనా ఆహార పరిశోధన సంస్థా ఆ పేట స్త్రీలతో కలిసి చేసిన కృషితో దీర్ఘచతురస్రాకారపు కొత్త పొయ్యి రూపొందింది. చెక్క చట్రాలకు తీగవల బిగించిన పళ్ళేలను ఒకదాని మీద ఒకటి పది పదిహేను దాకా పేర్చవచ్చు. పళ్ళేల అంచులే పొగగూడులా పనిచేస్తాయి. మధ్యమధ్య పళ్ళేల వరస మార్చితే చాలు, చేపలను విడివిడిగా తిప్పనక్కరలేదు. చోర్కోర్ పొయ్యి పేరుతో అది తర్వాత ఆఫ్రికా అంతటా వ్యాపించింది. రేవుకు వచ్చే చేప ఏటేటా మారిపోతున్న కాలంలో ఈ పొయ్యి వారి చేతిలో ఉండటం చిన్న విషయం కాదు. మొదట్లో సరైన ధర పలకని ట్రిగ్గర్, సార్డినెల్లా లేని ఆ సంవత్సరాల్లో సంతల్లో స్థానం సంపాదించుకుంది.

ఆ స్థానమూ శాశ్వతం కాలేదు. 1980ల చివర ట్రిగ్గర్ గుంపులు వచ్చినంత వేగంగా తగ్గిపోయాయి, 1990ల మొదటికి అవి మళ్ళీ అరుదైన చేపలయ్యాయి. అదే సమయంలో సార్డినెల్లా తిరిగి వచ్చింది. ఒక్క తరం జాలర్లు ఒక చేప పోవడాన్నీ, మరొకటి రావడాన్నీ, వచ్చినది పోయి పోయినది రావడాన్నీ చూశారు.

తూర్పు ఆసియాలో ట్రిగ్గర్ చేపకు దగ్గరి చుట్టమైన ఫైల్ చేప కథ కూడా ఈ మార్గంలోనే నడిచింది గనుక దాన్ని క్లుప్తంగా చెప్పుకోవాలి. దక్షిణ కొరియా దక్షిణ తీరంలోని సామ్‌చొన్‌పో రేవులో, వలల్లో ఇతర చేపలతో పాటు పడి పారవేతకు గురైన ఈ చేపను తోలు ఒలిచి, కండను పలుచని ముక్కలుగా చీల్చి, చక్కెర, ఉప్పు కలిపి, వల చట్రాల మీద ఆకు ఆకారంలో అతికించి ఎండబెట్టే పరిశ్రమ ఇరవయ్యో శతాబ్దపు రెండో భాగంలో వేళ్ళూనింది. నిప్పుల మీద కాల్చి తినే ఆ ఎండు పలక జ్విపో పేరుతో దేశమంతటికీ ఇష్టమైన చిరుతిండి అయింది. 1980ల మధ్య కాలంలో కొరియా పట్టుబడి ఏడాదికి మూడు లక్షల టన్నులు దాటింది. 1990 తర్వాత అది కుప్పకూలింది. చిరుతిండి మీద మక్కువ తగ్గలేదు గనుక ఇప్పుడు దానికి కావలసిన చేప ఎక్కువగా వియత్నాం, చైనా దేశాల నుంచి వస్తోంది.

భారత తీరంలో ఈ కుటుంబానికి ప్రతినిధి ఎర్రపళ్ళ ట్రిగ్గర్ చేప. నీలం కలిసిన నల్లని ఒళ్ళు, చీలిన పొడవాటి తోక, ఎర్రని పళ్ళు దీని గుర్తులు. కేరళ, కర్ణాటక తీరాల్లో ఇటీవలి దశాబ్దాల్లో ఇది మరబోట్ల వలల్లో గుంపులు గుంపులుగా పడటం, వలను కొరికి చింపడం, విలువైన చేపల స్థానంలో వల నింపడం జాలర్లకు బాధాకరమైన అనుభవం. కర్ణాటకలో దీన్ని కార్గిల్ మీను అని పిలుస్తారు. తినేవారు కొద్దిమందే, పట్టుబడినదానిలో అధికభాగం తీరంలోని చేపపొడి కర్మాగారాలకు వెళుతుంది. చేపపొడి అంటే చేపను ఉడికించి, నూనె పిండి, ఎండబెట్టి చేసిన మాంసకృత్తుల పిండి; రొయ్యల, చేపల చెరువుల్లో వేసే మేతకు అది ముఖ్యమైన ముడిసరుకు. దేశంలో రొయ్యల సాగుకు అగ్రస్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ చెరువులకు, పశ్చిమ తీరంలో పనికిరాదని తోసేసిన చేపలకు మధ్య ఉన్న సంబంధం ఈ మేత ద్వారానే.

తెలుగు తీరానికి చేపలను పేరుపేరునా గుర్తించిన ఘనమైన గతం ఉంది. 1780లలో విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, అక్కడి జాలర్లు తెచ్చిన రెండువందల చేపలను వర్ణించి, బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లను తాను విన్నట్టు రోమను లిపిలో రాసుకుని, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. భారతీయ చేపల శాస్త్రానికి అది పునాది గ్రంథాల్లో ఒకటి. తర్వాతి శాస్త్రజ్ఞులు జాతులను నిర్ధారించడానికి దాన్ని పదేపదే ఆశ్రయించారు. రస్సెల్ పని సాధ్యపడింది ప్రతి చేపకూ ఒక పేరు పెట్టుకుని, దాని తీరు ఎరిగిన జాలరులు తెప్పల మీద ఉన్నందువల్లే. నేడు విశాఖ, కాకినాడ రేవుల్లో మరబోటు నుంచి దిగే చిల్లర చేపల్లో చాలావాటికి కుప్ప పేరు తప్ప వేరే పేరు వినబడటం లేదు. సింధుశాఖ, గినీ తీరం, సామ్‌చొన్‌పో చెబుతున్నదాన్ని బట్టి, ఆ కుప్పలో ఏదో ఒక చేప రేపు రేవుకే ఆధారం కావచ్చు, అది తెలిసేలోగా తరిగిపోనూ వచ్చు. అందుచేత తెలుగు విశ్వవిద్యాలయాల మత్స్యశాస్త్ర విభాగాలు, ఇంకా పాత పేర్లు తెలిసిన జాలరి పెద్దలు బతికుండగానే, రస్సెల్ చేసిన పనిని తెలుగు లిపిలో, తెలుగు పాఠకుల కోసం మళ్ళీ చేపట్టవలసి ఉంది.